ఫ్లోరిడా కవరు

పోయిన వారం సుజితను నోట మాట లేకుండా నిలబెట్టి వచ్చేశాం. ఆ పిల్ల నోరు నొక్కింది నేను కాదు, తనే నొక్కుకుంది. తిట్టదలచినవాళ్లు తిట్టండి, నేను అడ్డురాను. రాస్తున్నంతసేపూ నాకూ ఒళ్లు మండుతూనే ఉంది.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. రెండువేల సంవత్సరం, నవంబరు నెల. జెడ్డాలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి. అక్కడి నర్సులందరికీ పైఅధికారి లోరెట్టా ప్రూయిట్ మేడం. ఆవిడ సొంత రాష్ట్రం అమెరికాలో ఫ్లోరిడా. అమెరికాకు అధ్యక్షుడెవరో తేల్చే ఎన్నిక మొత్తం ఆ ఒక్క రాష్ట్రం దగ్గరకొచ్చి చతికిలబడింది. అక్కడ ఇద్దరి మధ్యా ఓట్ల తేడా వేలల్లో కూడా లేదు, వందల్లో ఉంది. మేడం తన ఓటు జెడ్డా నుంచే కవర్లో పెట్టి పంపింది. దాని మీద సాక్షి సంతకం పెట్టింది మన చీరాల పిల్ల, నర్సు సుజిత. "డ్రైవరు చాంద్ బాషాకిచ్చి బలద్ బజారు దగ్గర పెద్ద పోస్టాఫీసులో వేయించు" అని మేడం ఆ కవరు సుజిత చేతిలోనే పెట్టింది. సుజిత బాషాకివ్వలేదు. జెడ్డాలోనే ఉంటూ ఆ వారమే హ్యూస్టన్ వెళ్తున్న మన తెలుగాయన కొర్నేలు అన్న చేతికిచ్చింది. ఓటు చెల్లకుండా పోయింది, మేడం ఫిర్యాదు రాసిచ్చింది. ఆస్పత్రి ముదీర్, అంటే మేనేజరు అబూ ఫైసల్, గదిలోకి పిలిచి బాషాను నిలదీశాడు. బాషా ఒక్కసారి సుజిత వంక చూసి, "నేనే సార్, మర్చిపోయి ఎవరో పోతాంటే ఇచ్చినా" అని నేరం తన నెత్తిన వేసుకున్నాడు. సుజిత గోడకానుకుని నిలబడి విన్నది.

అదీ కథ. ఇక ఈ వారానిది.

బుధవారం మధ్యాహ్నం నర్సుల విశ్రాంతి గదిలో టీవీ మోగుతోంది. తెర మీద కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషొకడు చిల్లు పొడిచి ఓటేసిన కార్డునొకదాన్ని దీపానికెత్తి, ఒక కన్ను మూసి, రెండో కన్ను చిట్లించి చూస్తున్నాడు. వెనకాల వకీళ్లు మెడలు సాచి నిలబడ్డారు. ఫిలిప్పీన్స్ పిల్లలు నవ్వుకుంటున్నారు. ఎక్స్‌రే చూస్తున్న కొత్త డాక్టరులా ఉన్నాడని ఒకమ్మాయి అంటే గదంతా గొల్లుమంది.

సుజిత నవ్వలేదు. ముద్ద కలిపి అలాగే పట్టుకుని కూర్చుంది. ఆ కార్డుల్లో మేడం కార్డు లేదు. అది విప్పకుండానే పక్కన పడేసిన కవర్లో ఉంది. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'పి. సుజిత' అని ఉంది. ఆ సంతకం పెట్టిన రోజు ఎంత మురిసిపోయిందో! "అమెరికా ప్రెసిడెంటు ఎన్నికకి నేనే సాక్షినే!" అని హాస్టలంతా చెప్పుకుని తిరిగింది మరి!

"ఏమే, అన్నం ఎండబెడతావా తింటావా?" అంది దీనమ్మ. దీనమ్మది నరసాపురం. ఆ ఆస్పత్రిలో పదేళ్లకు పైగా ముదిరిన మనిషి. తెలుగు పిల్లలందరికీ అక్క, అత్త, అవసరమైతే పోలీసు.

"అక్కా, ఇక నా వల్ల కాదు. మేడం దగ్గరికెళ్లి చెప్పేస్తాను."

దీనమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏం చెప్తావు? కొర్నేలుకిచ్చాననా? కొర్నేలెవరు అంటారు. ఎక్కడ కలిశావు అంటారు. అప్పుడేం చెప్తావు? శుక్రవారం శుక్రవారం ఆయన ఫ్లాట్లో కూడుకుని ప్రార్థన చేసి యేసు పాటలు పాడుకుంటున్నామని చెప్తావా? ఈ దేశంలో ఆ మాట పైకి అనొచ్చా? ఆయనకి భార్యాపిల్లలున్నారే."

"మరి బాషా అన్నకి లేరా?"

"ఉన్నారులే. తిట్లతో పోతుంది ఆయనకి. నాలుగు రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతారు, అంతే."

సరిగ్గా అప్పుడే షాలిని వచ్చింది. వార్డులో సుజిత పక్క బెడ్లు చూసే పిల్ల. వస్తూనే, "తెలిసిందా? చాంద్ బాషాని పంపించేస్తున్నారంట. ఖురూజ్ కొట్టేశారంట. శనివారమే ఫ్లైటు" అంది.

ఖురూజ్ అంటే ఆ దేశం ఒదిలి పొమ్మని పాస్‌పోర్టు మీద కొట్టే ముద్ర. మళ్లీ రావడానికుండదు. అది విన్న దీనమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. సుజిత చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచి వెళ్లిపోయింది.

వెనక గేటు దగ్గర రేకుల షెడ్డు కింద ఆస్పత్రి బస్సులు ఆగుతాయి. బాషా తన బస్సు తుడుస్తున్నాడు. పొమ్మన్న తర్వాత కూడా బస్సు తుడిచే మనిషి! సుజితను చూసి గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఏంది సిస్టరమ్మా, డ్యూటీ ఇడ్సిపెట్టి ఈ ఎండలో వచ్చినావు?"

"ఎందుకన్నా అలా చెప్పావు? నీకు నేను కవరే ఇవ్వలేదు కదా. ఇవ్వలేదని చెప్పొచ్చు కదా."

"చెప్పేవాన్నే. నీ మొగం చూసినా. చెప్పి ఉంటే ఆ ముదీర్ నీ మీదికి తిరిగి ఉండు. ఆడపిల్లకు ఈడ అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయమ్మా. నాకైతే రెండు తిట్లు, ఒక దినం జీతం కోత, అయిపోతాది అనుకున్న్యా. ఇంత దూరం పోతాదని నాకు మాత్రం ఏం తెలుసు?"

"అన్నా..."

"ఏడవొద్దుమ్మా. ఎవరన్నా చూస్తే బాగుండదు."

సుజితకు ఏడుపు ఆగలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూ, "వదిన సంగతేంటి?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం బాషా దగ్గర నవ్వు లేకపోయింది. ఆయన భార్య మదార్బీ ప్రొద్దుటూరులో ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు ఒకటే కోరిక, రంజాన్ నెలలో మక్కా చూడాలని. ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి ఈ రంజాన్‌కు ఉమ్రాకు, అంటే ఆ మక్కా యాత్రకు, వీసా తెప్పించాడు. నెల మొదలవడానికి ఇంకా వారం కూడా లేదు. ఆమె వీసాలో తోడుగా రాసింది భర్త పేరు. భర్త జెడ్డాలో లేకపోతే ఆ వీసా చిత్తుకాగితం.

"దానికి ఇంగా చెప్పలేదు సిస్టరమ్మా. నిన్న ఫోను జేసింది. యాత్రకు పొయ్యేటోళ్లు అందరి దగ్గరా మాఫీ అడుక్కోవాల గదా, మా ఈదిలో ఇల్లిల్లూ తిరుగుతా ఉందంట. పక్కింటి మహబూబ్బీతో దానికి నీళ్ల కొళాయి కాడ తగువు, ఏండ్ల నుంచి మాటల్లేవు. ఆమె కాళ్లు గూడా పట్టుకుందంట. అంతా చెప్పి, ఆకర్న నీ పేరెత్తింది."

"నా పేరా?"

"నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వు చూసుకున్న్యావు గదా. ఆ సిస్టరమ్మకు నేనేమన్నా తప్పుగా తలుచుకొనుంటే మాపు చెయ్యమని చెప్పు అనింది. మా ఆయన్ను పరాయి ఆడపిల్ల పొద్దుమాపులూ చూసుకుంటాంటే మనసులో ఒకసారి కుళ్లుకున్న్యాలే అని నవ్వింది." బాషా గుడ్డ తీసి మళ్లీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "మాపు చేసినావని చెప్పేదా?"

సుజిత ఏం చెప్పగలదు, మీరే అనండి! కళ్లతో కూడా చూడని మనిషొకతె, తన మనసులో ఎప్పుడో పుట్టి చచ్చిన చిన్న కుళ్లుకు మన్నించమని సముద్రాల అవతల నుంచి కబురంపింది. తనేమో ఆ మనిషి మక్కాని మింగేసి, మూడు రోజులుగా టీవీ ముందు అన్నం తింటోంది. చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండదు. తన మీద తనకే అసహ్యం వేసి, సుజిత అక్కడ నిలబడలేక వెనక్కి తిరిగింది.

"యాడికి?" అన్నాడు బాషా.

"మేడం దగ్గరికి."

"వొద్దు సిస్టరమ్మా! నా మాట విను!"

వినలేదు. ఆస్పత్రి మెట్లు పరుగున ఎక్కేసింది.

ప్రూయిట్ మేడం ఫోనులో ఉంది. మగవాళ్లలా కత్తిరించుకున్న తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. చెయ్యెత్తి కూర్చోమంది. సుజిత కూర్చోలేదు. మేడం ఫోను పెట్టేసి, "మా తమ్ముడు. ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారట. చెప్పు" అంది. వీళ్లిద్దరి మాటలూ ఇంగ్లీషులోనే జరిగాయి. మీకోసం నేను తెలుగు చేస్తున్నాను.

"మేడం, మీ కవరు చాంద్ బాషాకి నేనివ్వలేదు."

మేడం కళ్లజోడు పెట్టుకుంది. "ఇచ్చానని నాతో చెప్పావు."

"పంపించేశాను అన్నాను మేడం. మీరు బాషాకిచ్చాననుకున్నారు. నేను దిద్దలేదు." ఆ మాట పైకి వచ్చాక అదెంత నీచంగా ఉందో సుజితకే వినబడింది. "మాకు తెలిసిన ఆయన హ్యూస్టన్ వెళ్తుంటే ఆయనకిచ్చాను. దిగగానే డబ్బాలో వెయ్యమన్నాను."

"ఎందుకు? పోస్టాఫీసు ఇక్కడే ఉంది కదా. పేరు చెప్పి మరీ పంపాను కదా."

ఎందుకని అడిగితే ఏం చెబుతుంది? గల్ఫులో మనవాళ్ల పద్ధతి ఆవిడకెలా తెలుస్తుంది? ఎవరైనా ఊరెళ్తున్నారంటే ముందురోజు వాళ్ల గది ముందు తిరునాళ్లే. ఉత్తరాలు, ఫొటోలు, మందులు, చీటీ రాసి అంటించిన పొట్లాలు. పోస్టులో వేసిన ఉత్తరం ఎవరు విప్పుతారో, ఎప్పుడు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో అన్న భయం. తెలిసిన మనిషి చేతికిస్తే నిశ్చింత. ఎంత ముఖ్యమైనదైతే అంత తప్పకుండా మనిషి చేతికే ఇస్తారు. నిర్లక్ష్యం చేసి ఉంటే సుజిత ఆ కవరు పోస్టులో వేసేసేది. మేడం ఓటు చెల్లి ఉండేది.

ఇదంతా తడబడుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "మామూలు పోస్టులో రెండు వారాలు పడుతుంది మేడం. ఆయన రెండు రోజుల్లో అక్కడుంటారు. ఓటింగు రోజుకే చేరిపోతుందనుకున్నాను. ఆయనకి దిగగానే జ్వరమొచ్చిందట. లేచాక వేశారట."

"ఓటింగు రోజుకి చేరి ఉంటే గొడవే లేదు" అంది మేడం. "ఆ తర్వాత చేరితే మాత్రం బయటి దేశం పోస్టు ముద్ర ఉండాలి, ఎన్నిక రోజు దాటకముందు పడి ఉండాలి. నా కవరు మీద హ్యూస్టన్ ముద్ర పడింది. అమెరికాలోనే ఉండి, ఎన్నికైపోయాక తీరిగ్గా ఓటేసి, సౌదీలో ఉన్నానని అబద్ధమాడిన మనిషిలా కనబడ్డాను వాళ్లకి. ఫోనులో ఆ గుమాస్తా నాతో ఎలా మాట్లాడాడో తెలుసా?"

"నన్ను క్షమించండి మేడం. ఆ తేడా కొన్ని వందలే అంటున్నారు. ఒకవేళ మీరు వేసినాయన..."

"ఎవరికి వేశానో నీకు చెప్పను. ఆ సంగతి నీకూ నాకూ మధ్యలోది కాదు." మేడం లేచి కిటికీ దగ్గరకెళ్లింది. ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే సుజితకు సులువుగా ఉండేది. "చాలా ఏళ్లు నేను ఓటే వెయ్యలేదు. ఇంత దూరాన ఉన్నాం, మనదొక్కటీ ఎవడికి కావాలి అనుకునేదాన్ని. ఈసారే ఎందుకో వెయ్యాలనిపించింది. పోయింది. ఒక్కటే కదా అని నేను అనుకోగలను సుజితా. నువ్వు అనుకోకూడదు."

"అనుకోవడం లేదు మేడం."

"కానీ నేను అడిగేది ఓటు గురించి కాదు. ఆ గదిలో నువ్వు కూడా ఉన్నావు. అతను చెయ్యని పని చేశానని చెబుతుంటే చూస్తూ నిలబడ్డావు. నీ చేతిలో రోగుల్ని పెడుతున్నాను నేను. రేపు నువ్వు మందు తప్పు వేస్తే, పక్కన ఇంకెవరైనా నేనే వేశానంటే, అప్పుడూ ఇలాగే నిలబడతావా?"

సుజితకు సిగ్గుతో తల భూమిలోకి దిగిపోయినట్టయింది. రోగి మంచం పక్కన మొదటిసారి నిలబడ్డ రోజు నుంచీ మంచి నర్సని పేరు తెచ్చుకున్న పిల్ల. ఆ పేరు మీద ఆ మాట వచ్చి పడింది.

"ఆయన్ని పంపొద్దు మేడం" అంది చివరికి. "ఆయన భార్య వస్తోంది. మక్కా చూడ్డానికి. వీసా ఈయన పేరు మీదుంది. నన్నేమైనా చెయ్యండి."

మేడం కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "నేను కూడా అతన్ని రెండోసారి అడగలేదు" అంది, సగం తనలో తనే. "ఫిర్యాదు రాసిచ్చి చేతులు దులుపుకున్నాను. డ్రైవరే కదా అనుకున్నాను." ఫోను అందుకుంది.

అబూ ఫైసల్ పది నిమిషాల్లో వచ్చాడు. కాళ్లదాకా తెల్ల తోబ్, చేతిలో జపం చేసే తస్బీ పూసలు, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. వెనకాలే బాషా, ఇంకా తడిగుడ్డ భుజం మీదే. మేడం విషయం చెప్పి, పొరపాటు తనదీ తన నర్సుదీ అని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని అంది. ముదీర్ ఆశ్చర్యపోలేదు. ఒకరు కాకపోతే ఇంకొకరు, ఆయనకు మనుషులంతా ఒకటే.

"డ్రైవరు తప్పు లేదంటారు. ఖల్లాస్. శనివారం ప్రయాణం రద్దు చేయిస్తాను" అన్నాడు. బాషా వైపు తిరిగి, "వెళ్లి బస్సు తీయి" అని హిందీలో అన్నాడు.

బాషా రెండు చేతులూ మొహం మీద కప్పుకున్నాడు. "అల్హమ్దులిల్లా" అన్న మాట వేళ్ల సందుల్లోంచి వచ్చింది. సుజితకు మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా అందింది. మదార్బీ వస్తుంది. ఇంకేమైనా కానీ, మదార్బీ వస్తుంది. ప్రభువా, చాలు అనుకుంది.

కథ ఇక్కడ ఆపేస్తే అందరం హాయిగా కాఫీ తాగొచ్చు. కానీ అబూ ఫైసల్ వెళ్లలేదు. కుర్చీ లాక్కున్నాడు.

"డ్రైవరు విషయం అయిపోయింది. సిస్టర్ విషయం అవలేదు" అన్నాడు ఇంగ్లీషులో. "మేడం కవరు బయటి మనిషి చేతికి వెళ్లింది. ఆ మనిషెవరు? నీకేమవుతాడు?"

"తెలిసినాయన, సార్."

"తెలిసినాయనా! చుట్టమా? తండ్రా? అన్నా?"

సుజిత తల అడ్డంగా ఊపింది.

"అయితే పెళ్లికాని నర్సు పరాయి మగవాణ్ణి కలిసింది. ఎక్కడ? మీరు ఆస్పత్రి దాటి బయటికెళ్లేది శుక్రవారం ఒక్కరోజే. అదీ బజారు పనికి, ఆస్పత్రి బస్సులో." పూసలు తిప్పడం ఆపాడు. తలుపు దాటబోతున్న బాషాను చూశాడు. "ఆగు. శుక్రవారం ఆ బస్సు నడిపేది నువ్వే కదా?"

బాషా ఆగాడు.

నిజమే, నడిపేది ఆయనే. ప్రతి శుక్రవారం తెలుగు పిల్లల్ని బలద్‌లో దుకాణాల వీధి దాటించి, ఒక సందు మొగలో, కొర్నేలు ఫ్లాటున్న మేడ ముందు దించేది ఆయనే. ఎందుకెళ్తున్నారని ఏనాడూ అడగలేదు. తిరిగి ఎక్కించుకునేటప్పుడు, "బేరాలు కుదిరినాయా సిస్టరమ్మా?" అని నవ్వేవాడు. చేతిలో ఒక్క సంచీ లేకుండా ఎక్కే పిల్లల్ని చూసి నవ్వేవాడంటే, తెలుసనే కదా!

"ఈ సిస్టర్ని ఎక్కడ దించావు?" అన్నాడు ముదీర్.

మేడం సుజిత మొహం చూసింది. ఏదో ఉందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. బాషా నిజం చెబితే కొర్నేలు, ఆయన పిల్లలు, దీనమ్మ, షాలిని, ఆ ఫ్లాట్లో పాడిన అందరూ దొరికిపోతారు. అబద్ధం చెబితే, అది బయటపడిన రోజు మళ్లీ అదే ముద్ర, ఈసారి ఆపేవాళ్లుండరు. అయినా ఆయన పెదవులు కదిలాయి. ఆ పెదవులు ఎటు కదులుతున్నాయో సుజితకు తెలుసు. మూడు రోజుల కింద అలాగే కదిలాయి. అప్పుడు తను గోడకానుకుని నిలబడింది.

"ఆయన్ని అడగొద్దు సార్" అంది సుజిత. "అది నా తప్పు. నన్నడగండి."

"సిస్టరమ్మా!" అన్నాడు బాషా తెలుగులో. "వొద్దు!"

అబూ ఫైసల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చెయ్యెత్తి బాషాను ఉన్నచోటే ఉండమని సైగ చేసి, తలుపు మూయించాడు.

"సరే. చెప్పు. ఎక్కడ?"

సుజిత నోరు తెరిచింది.